తొమ్మిదిన్నర ఊపిరి

రెండు వేల పదిహేడో సంవత్సరం, చలికాలం మొదలై రెండో వారం. ఆ సోమవారం మెకానికమ్మ ఎప్పటిలాగే ఏడున్నరకి షట్టరు ఎత్తి, సగం విప్పి వదిలేసిన గేర్‌బాక్సు ముందు పీట వేసుకుని కూర్చుంది. తొమ్మిదీ ఇరవై అయ్యేసరికి చేతిలో పని ఆపింది. చిన్న వాషర్లన్నీ డబ్బాలో వేసి మూత బిగించింది. బల్ల మీది కాగితాలు ఎగరకుండా ఒక పానా పెట్టింది. గేర్‌బాక్సు మీద గుడ్డ కప్పింది.

తొమ్మిదిన్నరకి నేల ఊపిరి వదిలింది.

గోడ నుంచి గోడ దాకా ఒకేసారి, పని దిగొచ్చిన మనిషి కూర్చుంటూ వదిలినట్టు, నిండుగా. జాకీ మీదున్న కారు ఒక అంగుళం లేచి మళ్లీ కూర్చుంది. తడి సిమెంటు వాసన, దాని వెనకే కాస్త గ్రీజు వాసన వచ్చాయి. ఎదురు దుకాణంలో గడియారాలు బాగుచేసే ఆయన ఆ చప్పుడు విని తన గోడ గడియారం ముల్లు అర నిమిషం ముందుకి జరుపుకున్నాడు.

ఆ నేల మెకానికమ్మ తండ్రి వేసింది. కూలి మనిషినైనా పెట్టుకోకుండా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోకాళ్ల మీద పాకుతూ, తాపీతో తనే నున్నగా లాగాడు. ఆయన పోయిన వారానికి అది ఊపిరి తీయడం మొదలుపెట్టింది. రోజంతా నెమ్మదిగా పీల్చుకుంటుంది, పొద్దున ఒక్కసారి వదులుతుంది. "మా నేల" అనేటప్పుడు మెకానికమ్మ గొంతు కొంచెం పైకి లేస్తుంది. నడివయసు దాటినా ఆ ఒక్క మాట దగ్గర చిన్నపిల్లే.

అయితే ముప్పై ఏళ్ల సిమెంటు. పైపొర అరిగిపోయింది. ఊపిరితో పాటు ఇప్పుడు దుమ్ము లేస్తోంది. ఎంత గుడ్డ కప్పినా విప్పిన ఇంజనులో పడుతోంది. ఊరి బయట కొత్త రోడ్డు పడ్డాక ఈ వీధికి బళ్లు రావడం తగ్గిపోయింది. మిగిలిన ఆశల్లా ఊళ్లో ఆంబులెన్సుల మరమ్మతు పని. ఆ ఆఫీసు వాళ్లు ఒక్కటే షరతు పెట్టారు. నేల మీద దుమ్ము లేవకూడదు, కడిగితే శుభ్రపడాలి. శుక్రవారం పది గంటలకి తనిఖీ అధికారి వస్తాడు. పని దక్కకపోతే షెడ్డు గోడౌనుకి అద్దెకిచ్చి, ఆవిడ ఇంకెవరి దగ్గరో పానాలు పట్టుకోవాలి.

అందుకే ఆ రోజు నేలకి పూత వేసే ఇద్దరినీ పిలిపించింది. ఇద్దరూ మామా అల్లుళ్లే. ఒక్క ఇంట్లోనే భోంచేస్తారు గానీ ఒక్క డబ్బాలో బ్రష్ ముంచరు.

మామగారిని ఊరంతా ఏడ్రోజులాయన అంటుంది. ఆయన వేసేది రెండు రసాలు కలిపితే గట్టిపడే పాత రకం ఎపాక్సీ పూత. ఎవరెంత తొందర పెట్టినా నోట్లోంచి "ఏడు రోజులు" తప్ప ఇంకో మాట రాదు. అల్లుడు కొత్త రకం వేస్తాడు. పొద్దున వేస్తే సాయంత్రానికి నడవొచ్చు, మర్నాటికి బండి ఎక్కించొచ్చు. అతన్ని పూటాయన అంటారు.

ఏడ్రోజులాయన వచ్చీ రాగానే చెప్పులు విడిచి, మోకాళ్ల మీద వంగి, అరచేత్తో నేల నిమిరాడు.

"ఏం నేలమ్మాయ్ ఇది! తాపీ గీత ఒక్కటి కనపడదే! ఎవరు లాగారు?"

"మా నాన్న. మీకు తెలుసుగా బాబాయ్."

"తెలుసు. నీ నోటితో వినాలని అడిగాను."

మెకానికమ్మ నవ్వు దాచుకుంది. "శుక్రవారానికి కావాలి," అంది.

"వచ్చే వారం శుక్రవారమా?"

"ఈ శుక్రవారం."

పెద్దాయన తల తిప్పి అల్లుడి వైపు చూశాడు, తొందర అనేదాన్ని లోకంలోకి తెచ్చింది అతనే అన్నట్టు. "మొదటి పూత నేల తాగాలి. దానికి ఒకటిన్నర రోజు. రెండోది పరుచుకోవాలి. ఆ పైన ఇంకొకటి. చలికాలం, ఆరడానికి బద్ధకిస్తుంది. ఏడు రోజులు అంటున్నానంటే నీ మొహం చూసి తగ్గించి చెబుతున్నట్టు."

"అక్కా, రేపు నేల గీకించు, ఎల్లుండి మధ్యాహ్నానికి అద్దంలా చేసిస్తా," అన్నాడు పూటాయన. "మామయ్యగారి పూత ఆరేలోపు పుట్టిన పిల్లలు బడికి కూడా వెళ్తారు."

"మీ పూత ఆరేలోపు తుమ్మడానికి టైముండదు అల్లుడుగారూ. కలిపిన ఇరవై నిమిషాలకి డబ్బాలోనే రాయి. పోయినేడు ఆ మేడింట్లో పని మధ్యలో ఫోను ఎత్తారు. రోలరు నేలకి అతుక్కుపోయింది. ఇప్పటికీ ఆ ఇంటివాళ్లు దాని కర్రకి తువ్వాళ్లు ఆరేసుకుంటున్నారు."

"ఊడలేదుగా? అదీ మన పూత గట్టితనం!"

మెకానికమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "కొట్లాట ఇంటికెళ్లాక పెట్టుకోండి. నేనడిగేది ఒకటే. పూత వేశాక నా నేల ఊపిరి తీస్తుందా, తీయదా?"

ఆ ప్రశ్నకి జవాబు నేలే చెప్పాలి. కాబట్టి చెరో మూల తలో పళ్లెమంత మేర పూత వేసి చూశారు.

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి ముగ్గురూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేల ఊపిరి వదిలింది. పెద్దాయన వేసిన చోట పూత ఇంకా పచ్చిగానే ఉంది. సన్నని బుడగలు పైకొచ్చి పగిలాయి, వాటి గుంటలు నెమ్మదిగా కలుసుకుని మళ్లీ నున్నగా అయ్యాయి. అల్లుడు వేసిన చోట పూత రాయిలా బిగిసి ఉంది. అది బిళ్లకి బిళ్ల లేచి, పైన రేకుకి ఠంగున తగిలి, పూటాయన కాళ్ల దగ్గర పడింది.

"అద్దం అన్నారుగా అల్లుడుగారూ," అన్నాడు పెద్దాయన. "తీసుకెళ్లి మొహం చూసుకోండి."

పూటాయన ఆ బిళ్లని తిప్పి చూశాడు. అడుగున సిమెంటు కూడా అంటుకుని వచ్చింది. "పట్టు బాగానే ఉంది మామయ్యగారూ. గాలికి దారి లేక తన్నింది, అంతే."

పెద్దాయన గెలిచాడు. గెలిచినా శుక్రవారం వచ్చే వారానికి జరగదు. ఏడు రోజుల పూత వేయిస్తే ఆంబులెన్సులు పోతాయి. ఒక్కరోజు పూత వేయిస్తే నాన్న ఊపిరికి అది నిలవదు. ఏదీ తేలక, చేతులు ఊరికే ఉండలేక మెకానికమ్మ వెళ్లి స్టాండు మీదున్న ఇంజను తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ తుడుస్తూ ఒక చోట ఆగిపోయింది.

"బాబాయ్, ఇలా రా. తమ్ముడూ, నువ్వూ. ఇదేమిటో తెలుసా?" ఇంజను పక్కన బొటనవేలంత గొట్టం చూపించింది. "ఇంజను లోపల గాలి పోగవుతుంది. అది బయటికి పోవడానికి ఈ గొట్టం. ఇది పూడుకుపోయిందనుకో, నూనె కారకుండా ఎంత ఖరీదైన సీలు వేసినా తన్నుకుని ఊడొస్తుంది. తప్పు సీలుది కాదు."

పూటాయన మొహం వెలిగింది. పెద్దాయన మొహం మాడింది.

"నేలకి చిల్లు పెడతావా? నలభై ఏళ్లుగా నేలలకి పూత వేస్తున్నాను. సూది దూరే సందు ఎక్కడా వదల్లేదు!"

"నీ పూతకి అక్కర్లేదు బాబాయ్, దానికి ఓపికుంది. ఇతని పూతకి లేదు. ఓపిక లేనిదానికి దారి మనమే చూపించాలి."

పెద్దాయన షెడ్డంతా రెండుసార్లు తిరిగాడు. మూడోసారి అల్లుడి ముందు ఆగాడు. "చిల్లు నేను వేస్తాను. మీరు వేస్తే పెచ్చు లేస్తుంది. పూత కూడా ఇరవై నిమిషాల్లో ఇంత మేర ఒక్కడు లాగలేడు. మీరు కలపండి, నేను లాగుతాను. ఈ సంగతి ఇంట్లో మా అమ్మాయికి చెప్పారో, చూసుకోండి."

ఆ రోజంతా సామాను బయటికి చేర్చారు. బల్లలు, ఇనుప ముక్కల పెట్టెలు, మేకుల డబ్బాలు పెరట్లోకి వెళ్లాయి. గాలి కొట్టే పెద్ద కంప్రెసరుని బోల్టులు విప్పి గడియారాలాయన వెనక కొట్టంలోకి దొర్లించారు. దాన్ని మళ్లీ బిగించాలంటే పూత వేశాక మూడు రోజులు ఆగాలి. నేల గీకారు, మిషనుతో దుమ్ము లాగారు. ఊపిరి ఎక్కడ గట్టిగా తగులుతుందో మెకానికమ్మ చూపిస్తే, వెనక మూల పెద్దాయన అరంగుళం చిల్లు వేశాడు. పెచ్చు లేవలేదు. మెకానికమ్మ అందులో ఇత్తడి గొట్టం దించి, పైన మూత బిగించింది.

బుధవారం ఊపిరి అయిపోయిన మరుక్షణం మొదలుపెట్టారు. అల్లుడు కలిపి పోస్తున్నాడు, మామ రబ్బరు పట్టీ కర్రతో లాగుతూ వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. వయసు డెబ్బై దగ్గరపడ్డా చెయ్యి ఒక్కచోట తడబడలేదు. "పొయ్యండి! ఇటు! మూల చూడండి మూల! ఫోను మోగితే మోగనీండి!" షట్టరు దాకా వచ్చేసరికి పదకొండు నిమిషాలు మిగిలాయి. పూటాయన గడియారం చూసుకుని, "మామయ్యగారూ, నేనూ నా మనిషీ కలిసి చేసినా ఇంత తొందరగా అవదు," అన్నాడు.

"తొందర మీకు చేతకాదని ఎప్పటినుంచో చెబుతున్నాను," అన్నాడు పెద్దాయన.

గురువారం తొమ్మిదిన్నరకి గొట్టం మూత తీసి పెట్టారు. నేల మీద ఒక్క బుడగ లేవలేదు. గొట్టంలోంచి నిండు ఊపిరి, ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు ఊఁ అంటూ వచ్చింది. వీధి చివరిదాకా వినపడింది. మెకానికమ్మ మెరిసే నేల మీద నిలబడి, కింద తన నీడ చూసుకుంది. పెద్దాయన వంగి, గోటితో ఒక అంచు గీకి చూశాడు. "పర్లేదు," అన్నాడు. ఆయన జీవితంలో ఇంకొకరి పూతని అంతగా పొగడటం అదే మొదలు.

శుక్రవారం ఊపిరి వచ్చి వెళ్లిన అరగంటకి తనిఖీ అధికారి ఆంబులెన్సులోనే దిగాడు. బండి ఎక్కిస్తే నేల మీద గీత పడుతుందేమో చూడాలని దాన్ని షెడ్డు లోపలికే తోలించాడు. తెల్ల రుమాలుతో నేల తుడిచి రుమాలు చూశాడు. తెల్లగానే ఉంది.

"ఈ గొట్టం ఏమిటి?"

"నేల ఊపిరి వదిలేది, సార్."

"మూత ఉందా?"

"ఉంది."

"మంచిది," అని రాసుకున్నాడు.

అప్పుడే డ్రైవరు ఫోను మోగింది. బట్టల మిల్లులో ఒకావిడ మగ్గం దగ్గర కుప్పకూలింది, గుండె అంటున్నారు. డ్రైవరు బండి వైపు పరిగెత్తి, చక్రం చూసి తల పట్టుకున్నాడు. కుడివైపు ముందు చక్రం, వెనక చక్రం, రెండూ చప్పబడి ఉన్నాయి. సామాను మోసినప్పుడు డబ్బాల నుంచి షట్టరు ముందు రాలిన మేకులు గుచ్చుకున్నాయి.

"రెండో బండి?" అంది మెకానికమ్మ.

"ఊరవతల ఉంది. రావడానికి ముప్పావుగంట."

ఆవిడ అప్పటికే కింద కూర్చుంది. మేకులు లాగి, రెండు చిల్లులకీ జిగురు పట్టీలు దూర్చడానికి ఆరు నిమిషాలు. చిల్లులు మూశాయి, గాలి లేదు. కంప్రెసరు కొట్టంలో బోల్టులు లేకుండా పడుకుని ఉంది. కాలి పంపుతో అంత చక్రం నింపాలంటే భుజాలు పోవడమే గానీ పని అవదు.

మెకానికమ్మ లేచి గొట్టం మూత తీసింది. రబ్బరు పైపు తొడిగి క్లిప్పు బిగించి, రెండో కొస ముందు చక్రానికి పెట్టింది. ఏ గాలీ రాలేదు. ఇవాళ్టిది తొమ్మిదిన్నరకే అయిపోయింది. ఆవిడ మోకాళ్ల మీద వంగి, అరచెయ్యి నేలకి ఆనించింది.

"నాన్నా," అంది. "రేపటిది ఇవ్వు."

గొట్టం ఊఁ అంది. పైపు బిగుసుకుంది. ముందు చక్రం నెమ్మదిగా నిండి, బండి ఆ మూల పైకి లేచింది. ఆవిడ పైపు తీసి వెనక చక్రానికి పెట్టింది. శబ్దం సన్నబడి, తెగిపోయింది. అరచేతి కింద నేల చల్లబడటం ఆవిడకి తెలిసింది.

"అమ్మాయ్, చాలు," అన్నాడు ఏడ్రోజులాయన. "అంతా తోడేస్తే దానికేం మిగులుతుంది?"

"ఇంకో చక్రం ఉంది బాబాయ్."

"తెలిసే చేస్తున్నావా?"

"మా నాన్న బండి సగం బాగుచేసి ఎప్పుడూ పంపలేదు." నేలకి ఇంకా దగ్గరగా వంగింది. "ఇంకొంచెం, నాన్నా."

ఈసారి వచ్చిన ఊపిరి రేపటిదీ ఎల్లుండిదీ కాదు. గోడలు కిర్రుమన్నాయి. రేకులు గలగల్లాడాయి. చక్రం ఒక్కసారిగా నిండింది. డ్రైవరు బండి దూకించాడు. కొత్త పూత మీద గీత కూడా పడలేదు.

తనిఖీ అధికారి కాగితం మీద సంతకం పెట్టి, రెండు చేతులతో ఆవిడకి ఇచ్చాడు.

మిల్లులో పడిపోయిన ఆవిడ బతికింది. రెండు నెలలకి మళ్లీ మగ్గం దగ్గర నిలబడింది. ఊళ్లో ఆంబులెన్సులన్నీ ఈ షెడ్డుకే వస్తున్నాయి. మామా అల్లుళ్లు అప్పుడప్పుడు ఒక డబ్బాలో బ్రష్ ముంచుతున్నారు.

ఆ మర్నాడు, శనివారం తొమ్మిదిన్నరకి గొట్టంలోంచి ఏమీ రాలేదు. ఆ నేల మళ్లీ ఊపిరి తీయలేదు.