గేటు నుంచి గడపకు

కెబోనాంగ్ మోకాళ్ల మీద కూర్చుని పేడలో ఎర్రమన్ను కలుపుతోంది. కషాయం అప్పటికే తాగింది. నొప్పికి కాచుకునే సెంగపారిలే దుంపల చేదు ఇంకా నాలుక వెనక ఉంది. ఆ దుంపలను కిందటి చలికాలం తానే ఇసుకలోంచి తవ్వుకుంది. పక్క దుంపలు మాత్రమే కోసి, తల్లి దుంపను వదిలి, గుంట పూడ్చి వచ్చింది.

పక్కింటి మ్మా పొలొకో ఆమె నడుముకు, నొప్పిని మరిపించే చిన్న కరెంటు పెట్టె బిళ్ళలు అతికిస్తోంది. అవి అంటుకోవడం లేదు.

"మళ్లీ మేకకొవ్వు రాసుకున్నావా? జిడ్డు పనికిరాదని నీ కూతురు మొత్తుకుంది కదే!"

"కొవ్వుతో నాది పాత స్నేహం. పెట్టె నిన్నగాక మొన్న వచ్చింది. దాన్నే సర్దుకోమను."

మ్మా పొలొకో నవ్వుతూ నడుము తుడిచి, బిళ్ళలు అతికించి, పైన గుడ్డ బిగించి కట్టి, పెట్టెను అందులో దోపింది. మీట తిప్పగానే వెన్నులో చీమలు పాకాయి. నొప్పి పోలేదు. కాస్త పక్కకు జరిగింది. కెబోనాంగ్‌కు ఆ జాగా చాలు.

ఊళ్లోవాళ్ల వాకిళ్లు అలికి బతికిన మనిషి ఆమె. గోళ్లు సగానికి అరిగిపోయాయి. ఇప్పుడు చాలా వాకిళ్లకు సిమెంటు వచ్చింది. ఆమెది మాత్రం మట్టిదే. మధ్యాహ్నం కూతురు ఒనాలెన్నా వ్యాను తీసుకొస్తుంది, పట్నం ఆసుపత్రిలో చేర్చడానికి. ఎముకల్లోకి పాకిన జబ్బు ఇక నయం కాదని డాక్టర్లే చెప్పారు. చివరిదాకా కనిపెట్టుకుని ఉంటారట.

ఎవరైనా గడప దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ గేటులోంచి బయటపడతారు. కెబోనాంగ్ గేటు దగ్గర మొదలుపెట్టింది.

"ఏమే, తిరగేసి అలుకుతున్నావేం? లోపల ఇరుక్కుపోతావు!" తన ఇంటికి వెళ్లిన మ్మా పొలొకో గోడ అవతలి నుంచి అరిచింది.

"అందుకే."

తడి మట్టిలో నాలుగు వేళ్లతో అలలు గీస్తూ వెనక్కి జరిగింది. నొప్పి తిరిగొచ్చినప్పుడల్లా మట్టి బొటనవేలితోనే మీట పెంచింది. గడప చేరాక గోడ పట్టుకుని లేచి, పొట్టి కుర్చీలో కూలబడింది.

వ్యాను వచ్చింది. డ్రైవరు గేటులో కాలెత్తి, వాకిలి చూసి, వెనక్కి పెట్టేశాడు. తడి అలుకు తొక్కే మనిషి ఆ ఊళ్లో లేడు.

"అమ్మా! ఏం పనే ఇది?"

"కనిపిస్తోందిగా. అలికాను."

"అక్కడ మంచం కూడా మాట్లాడి వచ్చాను."

"అయితే తొక్కుకుంటూ రా. నిన్ను అట్లాగే పెంచానేమో."

ఒనాలెన్నా పెదవి కొరుక్కుంది. "నొప్పి ఎక్కువైతే?"

"దుంపలున్నాయి. నువ్వు తెచ్చిన పెట్టె ఉంది. ఈ నొప్పి నాది, నా ఇంట్లోనే తేల్చుకుంటాను. ఆ బండిని పంపించెయ్. ఆరాక లోపలికి రా. అంబలి ఉంది, ఉప్పు చాలకపోతే నన్ననకు."

కూతురు వ్యానును పంపేసింది. చెప్పులు విప్పి గేటు పక్కన కూర్చుంది. తల్లీకూతుళ్లు తడి వాకిలికి అటూ ఇటూ కూర్చుని, పారిపోయిన మేకల గురించీ, పెళ్లిలో పడిపోయిన మామ గురించీ మాట్లాడుకున్నారు. కాసేపటికి కెబోనాంగ్ మాట ఆగింది. నిద్రపోయిందనుకుని ఒనాలెన్నా గొంతు తగ్గించింది.

అంచుల నుంచి వాకిలి తెల్లబడుతూ వచ్చింది. పొద్దు వాలాక ఒనాలెన్నా వేలితో నొక్కి చూసి, అలల మీదుగా నడిచి వెళ్లింది. అమ్మ చెయ్యి చల్లగా ఉంది. నడుము మీది బిళ్ళలు ఊడదీస్తుంటే, ఒనాలెన్నా అరచేతిలో చీమలు పాకాయి.

అమ్మ ఒడిలో పెట్టె ఉంది. మీట చివరి అంకె దాకా తిరిగి ఉంది. దాని మీద ఎర్రమట్టి బొటనవేలి ముద్ర ఆరిపోయి, సన్నగా బీట తీసింది.