టేకు బోర్డు నీడ

కంప్యూటర్లో చెక్క బోర్డు చెయ్యడం ఎవడికైనా వచ్చని మా దిల్‌సుఖ్‌నగర్ డిజైనర్ల నమ్మకం. నెట్‌లోంచి ఒక చెక్క ఫోటో దించుకుంటారు, దాని మీద అక్షరాలు పడేస్తారు, అవి ఉబ్బెత్తుగా కనపడేలా ఒక బటన్ నొక్కుతారు, పైన రెండు గొలుసులు అతికిస్తారు. ఆ గొలుసులు దేనికి వేలాడుతున్నాయిరా అంటే దిక్కులు చూస్తారు. బోర్డన్నాక బరువుండాలి. కొక్కెం దగ్గర చెక్క నొక్కుకుపోయి ఉండాలి, మేకు తుప్పు కిందికి కారి ఉండాలి, పై అంచున దుమ్ము పేరుకుని ఉండాలి. ఇవన్నీ చెప్పబోతే "మత్తయన్నా, నీ చాదస్తం నువ్వూ" అని నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళు నిక్కర్లు వేసుకునే రోజుల నుంచి నేను బోర్డులు రాస్తున్నాను.

నల్గొండ జిల్లా నుంచి వచ్చి పదిహేనేళ్ళు రేకు బోర్డుల మీద ఇనామిల్ రంగుతో రాశాను. రాయడం నేర్పిన మా గురువు మొదటిరోజే ఒక మాట చెప్పాడు: "రాసినోడు రోడ్డు దాటి చూసేదాక బోర్డు అయిపోయినట్టు కాదు బిడ్డా." ఎన్ని బోర్డులు రాశానో అన్నిసార్లూ రోడ్డు దాటాను. తర్వాత ఫ్లెక్సీ వచ్చి మా కుంచెల పొట్ట కొట్టింది. ముప్పై అయిదేళ్ళ వయసులో కోచింగ్ పిల్లల మధ్య కూర్చుని ఫోటోషాప్ నేర్చుకున్నాను. ఆ గొడవలో పెళ్ళి ఊసు ఎక్కడో జారిపోయింది.

సకల జనుల సమ్మె వచ్చిన ఏడు నాకు నలభై మూడు. మన్సూరాబాద్‌లో ఒంటి గది, ఆదివారం చర్చి, రెండు పూటలా లలితకుమారి గారి మెస్. నా బతుకంతా ఈ మూడింటి మధ్యే.

ఆ మెస్ కొత్తపేటలో, పండ్ల మార్కెట్‌కి కాస్త ఇవతల రోడ్డు మీద ఉండేది. ఆవిడది తెనాలి వైపు. భర్త టింబర్ డిపోలో పనిచేసేవాడట, నాలుగేళ్ళ కింద పోయాడు. పోయేముందు ఒక టేకు పలకకి తన చేత్తో కోసిన చెక్క అక్షరాలు మేకులతో బిగించి, గొలుసులతో గుమ్మానికి వేలాడదీశాడు. పై వరసలో ఆంధ్రా, కింది వరసలో భోజనం. నాకు వంకాయ పడదని ఆవిడకి తెలుసు. వంకాయ చేసిన రోజున అడక్కుండానే నా విస్తట్లో బంగాళాదుంప వేపుడు పడేది. ఒక పూట మానేస్తే మర్నాడు "నిన్న ఏమైపోయారండీ?" అనేది. ఇంత పట్నంలో నేను రాలేదని గమనించే మనిషి ఆవిడ ఒక్కతే. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

సమ్మె మొదలైన వారానికి ఆవిడ మా ఫ్లెక్సీ షాపుకొచ్చింది. మెట్ల మీదే నిలబడింది.

"మత్తయి గారూ, మా బోర్డు తీసి మంచం కింద పెట్టానండీ."

"ఎవలన్న ఏమన్న అన్నరా అక్కా?"

"ఎవరూ ఏమీ అన్లేదు. అనేదాకా ఎందుకని. ఎక్కడో ఆంధ్రా బోర్డుకి నల్లరంగు పూశారని టీవీలో చూపించారు కదా."

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నేనూ జై తెలంగాణ అన్నవాణ్ణే. జేఏసీ వాళ్ళ ఫ్లెక్సీలు సగం నా చేతి మీదుగానే పోయాయి. మాకు రాష్ట్రం రావాలి, నాకు లలితకుమారి గారి పప్పుచారు కావాలి. ఈ రెండింటికీ పేచీ ఉందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

"పై అక్షరాలు ఊడదీసి కిందియి ఉంచుదామా?" అన్నాను.

"ఆయన చేతి అక్షరాల మీద ఉలి పెట్టనివ్వనండీ," అంది గట్టిగా. తర్వాత గొంతు తగ్గించింది. "అచ్చం ఆ చెక్కలాగే ఫ్లెక్సీ చేసివ్వండి. కింది వరస ఉంచండి, పై వరస ఖాళీగా వదిలెయ్యండి. ఖాళీ చెక్కని ఎవరేమంటారు? మా అక్క తెనాలి నుంచి రోజూ ఫోన్ చేసి వచ్చెయ్యమంటోంది. బోర్డు లేని గుమ్మం చూస్తే నాకూ ఇది నా ఇల్లు కాదనిపిస్తోంది. బోర్డు కుదిరిందా, ఉంటాను. లేదంటే దీపావళికి వెళ్ళిపోతాను."

ఆవిడ వెళ్ళిపోతే నేను ఏమవుతానో ఆ నిమిషంలో నాకు తెలిసొచ్చింది. ఏ మెస్‌లోనైనా అన్నం పెడతారు, అది కాదు సంగతి.

ఆ మధ్యాహ్నమే వెళ్ళి మంచం కింది నుంచి బోర్డు లాగి ఫోటోలు తీశాను. అక్షరాల మీద వేలు పెట్టి తడిమాను. ఆయన ధ కింద పెట్టిన ఒత్తు కాస్త వంకర. భోజనంలో సున్న గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. ఆ వంకర, ఆ కోడిగుడ్డు అలాగే రావాలనుకున్నాను. సగం బోర్డు గీస్తే కొలతలు కుదరవు గనక ముందు రెండు వరసలూ గీశాను. నీడలు ఇచ్చే రెడీమేడ్ బటన్ నేను ముట్టుకోను. మెస్ తూర్పు ముఖం, పొద్దుటి ఎండ ఎడమవైపు నుంచి ఏటవాలుగా పడుతుంది. అందుకని ప్రతి అక్షరం నీడా కుడివైపుకి, కిందికి వాలేలా, మెత్తటి బ్రష్‌తో వేరే పొర మీద చేత్తో వేశాను.

సమ్మెతో సింగరేణిలో బొగ్గు ఆగింది గనక కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. నాలుగో రోజు పొద్దున పై వరస అక్షరాలు తీసేసి సేవ్ చేశాను. వాటి నీడలు కూడా తుడిచాను. తుడిచింది సేవ్ చేసేలోపు కరెంటు పోయింది, ముసలి యూపీఎస్ రెండు కూతలు కూసి చచ్చింది. గంటన్నర తర్వాత కరెంటొస్తే ఫైలు తెరిచాను. పై వరసలో అక్షరాలు లేవు. హమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ పోయేలోపు ప్రింట్ అయిపోవాలని పరుగున మెషీన్‌కి పంపాను.

మెషీన్ నడిపే సైదులు ఫ్లెక్సీని గోటితో గీకి చూశాడు. "అన్నా, గిది ఫ్లెక్సీయా చెక్కనా? ఖసం, నేనే పరేషాన్ అయిన."

పాత కొక్కేలకే, పాత గొలుసులతోనే వేలాడదీశాను. ఆవిడ స్టూలెక్కి సున్న మీద చెయ్యి పెట్టి "అచ్చం ఆయన చేసినట్టే ఉందండీ" అంది. అన్న వెంటనే విస్తరేసింది. ఆకలి మీదున్నాను, మెప్పు మీదున్నాను, లోపలికెళ్ళి కూర్చున్నాను. రోడ్డు దాటలేదు.

మర్నాడు ఆ రోడ్డు మీదే వంటా వార్పు. సమ్మెలో భాగంగా రోడ్డు బందు చేసి, రాళ్ళ పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని అక్కడే తినడం. పొద్దున్నే జేఏసీ వాళ్ళు మెస్‌కొచ్చి "అక్కా, జర పెద్ద గిన్నెలుంటే ఇయ్యవా" అని అడిగారట. ఆవిడ రెండు గుండిగలు, గరిటెలు ఇచ్చి పంపింది. నేను పదింటికి వెళ్ళేసరికి రోడ్డుకి అవతలి పక్కన పొగ, పాటలు, రెండు వందల మంది జనం. నేనూ అవతలి పక్కనే నిలబడి, గర్వంగా నా బోర్డు వంక చూశాను.

పై వరసలో ఆంధ్రా అని ఉంది. అక్షరాలు లేవు, వాటి నీడ ఉంది. దగ్గర్నుంచి చెక్క మరకలా కలిసిపోయిన మసక, రోడ్డు వెడల్పు దూరం నుంచి చూస్తే మాటైపోయింది. ఎప్పుడో ఎవరో అక్షరాలు పీకేస్తే మిగిలిన గుర్తులా ఉంది. కంప్యూటర్‌కి రెండడుగుల దూరంలో కూర్చుని పనిచేసేవాడికి అది ఎలా కనపడుతుంది? గురువు చెప్పిన మొదటి మాటే మర్చిపోయినవాణ్ణి ఇంకేమనాలి?

అన్నం మాడుస్తున్నారేమోనని లలితకుమారి గారు అప్పుడే రోడ్డు దాటి వచ్చింది. నా పక్కన నిలబడి నా చూపు వెంట చూసింది.

"మీరే ఉంచారా?" అంది.

నేను ఇంకా బోర్డు మీంచి చూపు తిప్పలేదు.

"దగ్గరికెళ్తే కనపడదు. ఇక్కణ్ణించే కనపడుతోంది. ఎంత తెలివిగా ఉంచారండీ." ఆవిడ కళ్ళు నిండాయి. "ఆయన పోయాక నా గురించి ఇంత ఆలోచించినవాళ్ళు లేరు, మత్తయి గారూ."

"లేదక్కా," అన్నాను. "నేను ఉంచలె. తప్పయింది. కరెంటు పోయి, నీడ తుడిచింది సేవ్ కాలె. రేపటికల్ల సాఫ్ జేసి ఇంకోటి కొట్టిచ్చి తెస్త."

ఆవిడ క్షేమం కోసమే అలా అన్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అక్కడ ఎవరూ తలెత్తి చూడటం లేదు, అందరి చూపూ ఉడుకుతున్న అన్నం మీదే ఉంది. చూసినా, ఆవిడ గిన్నెల్లోనే వండుకుంటున్నవాళ్ళు ఏమంటారు? అసలు సంగతి వేరే. జన్మలో నేను తప్పుకి మెప్పు తీసుకున్నవాణ్ణి కాను. ఆ పనివాడి పొగరే నా నోరు తెరిపించింది.

"అలాగా," అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నేనే ఏదో అనుకున్నాను లెండి." వెళ్ళి గుండిగలో గరిటె పెట్టి కలపడం మొదలుపెట్టింది.

మర్నాడు కొత్త ఫ్లెక్సీ కట్టాను. ఈసారి రోడ్డు దాటి రెండుసార్లు చూశాను. పై వరస ఉత్త చెక్క, నిఖార్సైన పని. ఆవిడ గుమ్మంలోంచే తలెత్తి "బావుందండీ" అంది. రోడ్డు దాటి చూడలేదు.

ఆ తర్వాత కూడా వంకాయ రోజున వేపుడు పడింది. చారు అదే చారు. ఒక రోజు కావాలనే రెండు పూటలూ మానేశాను. గదిలో బన్ను నములుతూ, రేపు అడుగుతుంది, ఏం చెప్పాలా అని జవాబు తయారు చేసుకున్నాను. మర్నాడు వెళ్తే విస్తరేసి, నీళ్ళు పెట్టి, వడ్డించి వెళ్ళిపోయింది. నిన్న ఏమైపోయారని అడగలేదు.

సమ్మె ఆగింది. బస్సులు తిరిగాయి. దీపావళి వెళ్ళిన మూడో రోజు మెస్ ముందు చిన్న వ్యాన్ ఆగింది. టేకు బోర్డుని దుప్పట్లో చుట్టి ఆవిడే స్వయంగా మోసుకొచ్చి ముందు సీట్లో పెట్టుకుంది.

"ఆ మొదటి ఫ్లెక్సీ ఏం చేశారు?" అని అడిగింది.

"గదిల ఉందక్కా."

"పారెయ్యకండి," అంది. "వేళకి తినండి."

వ్యాన్ ఎల్‌బీ నగర్ వైపు తిరిగేదాకా నిలబడ్డాను. షట్టర్ మీద నా నిఖార్సైన ఫ్లెక్సీ వేలాడుతూనే ఉంది. దాన్ని విప్పడానికి నాకు చేతులు రాలేదు.

మొదటి ఫ్లెక్సీని నా గదిలో ఎదురు గోడకి కట్టాను. గది పదడుగులు. ఇవతలి గోడకి వీపు ఆనించి నిలబడినా ఉత్త చెక్కే కనపడుతుంది. మంచం నిలబెట్టి చూశాను. కళ్ళు చికిలించి చూశాను. లాభం లేదు.

జనవరిలో ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే తలుపులు బార్లా తీసి, లైటు వేసి, గల్లీ దాటి ఎదురింటి గోడ దాకా వెళ్ళాను. అక్కణ్ణించి తిరిగి నా గదిలోకి చూశాను.

ఇంటి ఓనరు భార్య యాదలక్ష్మి గారు గుమ్మం పక్కన బియ్యం చెరుగుతోంది. "ఏంది మత్తయన్నా, నీ అర్ర నువ్వే గట్ల జూస్తున్నవ్?"

"బోర్డు చూస్తున్న."

ఆమె కూర్చున్న చోటి నుంచే లోపలికి తొంగి చూసింది. "సగం బోర్డు ఖాళీనే ఉన్నది గద."

"ఇటొచ్చి చూడమ్మా."

చేట పక్కన పెట్టి గల్లీ దాటి వచ్చింది. చూసింది. పెదాలు కదిలాయి, కూడబలుక్కుని చదివింది. "అగో, నీడ లెక్క మాట ఉన్నది. ఎవలు పెట్టిన్రు?"

"నేనే," అన్నాను. "కావాలనే ఉంచిన."