ఊ కొట్టని ఊరు

తొంభై తొమ్మిది ఎండాకాలం. ఉప్పలగుప్తం దాటాక రొయ్యల చెరువులను ఆనుకుని ఉన్న పేటలో, మంచినీళ్ల బోరు దగ్గర, నీళ్లకొచ్చిన రూతు బిందెను చెరువుల కాపలావాడు కాలితో తన్నాడు. సొట్టపడిన బిందె దొర్లుకుంటూ వచ్చి నా సైకిలు చక్రానికి ఆనింది. ఆమె కూతురు అక్షయ దాన్ని ఎత్తుకుని, అడుగున మిగిలిన నీళ్లు ఒలకకుండా ఇంటికి నడిచింది. ఏడవలేదు.

ఆ చెరువులు బుచ్చిరాజుగారివి. వాటిలో ఉప్పు పెరిగింది. దాన్ని విరవడానికి ఆయన పేట బోరుకి మోటారు బిగించి కాపలా పెట్టాడు. తీపినీళ్లు రొయ్యలకి పోతున్నాయి. ఉప్పునీళ్లు తాగి పసిపిల్లలు విరేచనాలతో వడిలిపోతున్నారు.

నేను ఆ పేటవాణ్ణి కాను. కాలేజీలో చదివి, సొసైటీలో గుమాస్తాగా చేసి మానుకున్నవాణ్ణి. నా భార్య సీతారత్నం పోయి మూడేళ్లు. నేనేదో చెబుతుంటే ఆమె పొయ్యి వైపు తిరిగే ఊ కొట్టేది. ఆ ఊ పోయాక ఇంట్లో నా మాట నాకే వినబుద్ధి కాలేదు. అందుకే సాయంత్రాలు పేట చర్చి అరుగు మీద పిల్లలకి కథలు చెప్పేవాణ్ణి; వాళ్లు నన్ను మేష్టారనేవారు. జపాను పీత, రష్యా నక్క, ఆఫ్రికా తాబేలు. ఊ కొట్టకపోతే కథ దారి తప్పిపోతుందని మొదటిరోజే చెప్పాను.

ఆ సాయంత్రం ఆఫ్రికా కథ చెప్పాను. వానల్లేక అడవి ఎండింది. జంతువులన్నీ కలిసి బావి తవ్వాయి. తాబేలు వీపు మీద మట్టి మోసింది. కుందేలు మాత్రం రాలేదు. నీళ్లు పడ్డాక వచ్చి, ఈ చోటు మా తాతది అంది.

ఎవరూ ఊ కొట్టలేదు.

"మన బోరు ఎవరు దింపేరండీ మేష్టారూ?" అంది అక్షయ.

పనుల నుంచి వచ్చి గోడవారన నిలబడ్డ పెద్దవాళ్లలో సాలమోను అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "మేమేనే. మీ తాతా నేనూ పైపు తిప్పేం. స్థలం రాజుగారిది. నీళ్లు దింపింది మేం."

అక్కడే వాదన మొదలైంది. ఎదురుతిరిగితే చెరువుల్లో పని పోతుందన్నారు సగంమంది. రాజుగారు ఆదివారం రమ్మన్నారు కదా, ఆయన చెప్పేది విందామన్నాడు సాలమోను.

"ఆయన చెప్పడం, మనం ఆయ్ అనడం. ఎప్పుడూ అదేగా బాబాయ్?" అంది రూతు. "ఈసారి ఊ కొట్టకుండా చూద్దాం. ఆయన కథ ఎంతదూరం నడుస్తాదో."

ఆదివారం చెరువుగట్టు మీద కుర్చీ వేయించుకుని బుచ్చిరాజుగారు మొదలుపెట్టాడు. రొయ్య బతికితే మీరు బతుకుతారన్నాడు. అలవాటుగా ఆగాడు. ఎనభై మంది ఉన్నారు. చెరువులో రొయ్యలకి గాలి కొట్టే మిషను తెడ్లు నీళ్లు చిమ్ముతున్న చప్పుడే వినిపించింది. మీ పిల్లలు నా పిల్లల్లాంటోళ్లన్నాడు. మళ్లీ ఆగాడు. చివరికి మొదటి మాటే మళ్లీ అన్నాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"ఏవే రూతూ, వింటన్నావా?"

"వింటన్నామండి రాజుగారూ. ఊ మాత్రం కొట్టమండి. ఈ కథ మాకు తెలుసండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అందరూ లేచి నడిచారు. మోటారు ఆపి, బోరు చుట్టూ కూర్చున్నారు. రెండు రోజులు పేట తీపినీళ్లు తాగింది.

మూడోరోజు పోలీసు వ్యాను వచ్చింది. రూతుతో, సాలమోనుతో కలిపి ఇరవైముగ్గుర్ని ఎక్కించారు. నేనూ ఎక్కబోయాను. "చదువుకున్నోరు, మీకెందుకండీ" అని ఎస్సై నన్ను మర్యాదగా పక్కకి జరిపాడు. దెబ్బ తిన్నా అంత ఒంటరిగా అనిపించేది కాదు.

పిల్లల్ని వెంటబెట్టుకుని స్టేషనుకి నడిచాను. లోపలికి వెళ్లనివ్వలేదు. ఒక కానిస్టేబులు కూజాతో నీళ్లు తెచ్చి మెట్టు మీద పెట్టి, మా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. పేటలో మిగిలినవాళ్లు బోరు చుట్టూ కూర్చున్నారని కబురొచ్చింది. పిల్లలకి కథ మొదలెట్టబోయి, స్టేషను తలుపు వైపు చూస్తూ ఆగిపోయాను.

అక్షయ లేచి లాకప్పు కిటికీ కిందికి వెళ్లింది.

"అనగనగా ఒక అడవంట. వానల్లేవంట."

ఆగింది. లోపల్నుంచి రూతు గొంతు: "ఊ."

"జంతువులన్నీ కలిసి బావి తవ్వేయంట."

ఈసారి ఇరవైముగ్గురూ అన్నారు. వాళ్లతోపాటు ఇంకో గొంతు కూడా అంది. అది నాదేనని ఆలస్యంగా తెలిసింది.

"కుందేలొచ్చి, ఈ చోటు మా తాతదన్నాదంట."

లోపల ఎవరూ ఊ అనలేదు. బయట పిల్లలూ అనలేదు. నేనూ పెదవులు బిగించాను.