ద్రాక్షతీగ కింద చుక్కలు

చర్చికి కార్యదర్శి సాల్మన్ రాజు. చీపురు మాత్రం ఆయన భార్య షెర్లీది. పద్దెనిమిదేళ్లుగా ప్రతి శనివారం ఆ నాపరాళ్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచేది. ఆదివారం ధన్యవాదాలు చెప్పేటప్పుడు ఆయన పేరే వినబడేది. బలిపీఠం వెనక గోడ మీద ఎర్రమట్టి రంగు ద్రాక్షతీగ ఒకటుంది. మొదలెక్కడో చివరెక్కడో తెలియకుండా మెలికలు తిరిగిన తీగ. ఊడుస్తూ ఊడుస్తూ దాన్ని చూస్తే ఎందుకో చూపు తిప్పుకోబుద్ధయ్యేది కాదు. ఎనభై ఏళ్ల కిందట సాల్మన్ రాజు తాత కృపాదానం వేశాడంటారు. క్రిస్మస్‌కి ఆయన పేరుతో గోడకి రాతిఫలకం పెట్టబోతున్నారు.

ఆ శనివారం ఆ బొమ్మ మీద రిపోర్టు రాయడానికి విజయవాడ నుంచి తహసీన్ అనే అమ్మాయి కెమెరాతో వచ్చింది. గోడను గోరంత కూడా గీకకుండా రంగు కింద ఏముందో చూపించే కెమెరా. ఎర్రమట్టి దానికి పలచబడిపోతుందట, బొగ్గు మాత్రం నల్లగా నిలబడుతుందట.

"దూరం జరుగే. దాని మీద దుమ్ము పడుద్ది," అన్నాడు సాల్మన్ రాజు.

షెర్లీ చీపురు పక్కన పెట్టింది గాని జరగలేదు.

కెమెరా తెర మీద తీగ మెల్లగా మాసిపోయింది. దాని కింద నుంచి బొగ్గు చుక్కలు లేచాయి, వరసలు వరసలుగా.

"కొలతల కోసం పెట్టుకున్నట్టున్నారు. మీ తాతగారికి లెక్క బాగా తెలుసు సార్," అంది తహసీన్.

"మరేమనుకున్నారు మేడం!"

షెర్లీ లోలోపలే చుక్కలు లెక్కపెట్టింది. నడుమ పదిహేను. పై వరసలో పద్నాలుగు, రెండు చుక్కల సందున ఒక చుక్క. పదమూడు, పన్నెండు... ఎనిమిది దగ్గర ఆగింది. కిందికీ అంతే. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పదేళ్లప్పుడు పుట్టింటి వాకిట్లో అమ్మ పక్కన వంగి పెట్టిన చుక్కలవి. పెళ్లయిన మర్నాడు ఈ వాకిట్లో వేయబోతే, 'అన్యుల అలవాట్లు మా గడప తొక్కనియ్యను' అని మొగుడు కాలితో చెరిపేశాడు. ఇప్పుడు నోరు తెరిస్తే దేవుడి గోడ మీద ముగ్గుందని తనే చెప్పినట్టు. తెరవకపోతే మధ్యాహ్నానికి ఈ పిల్ల రిపోర్టులో తాత పేరు రాసుకుని వెళ్లిపోతుంది.

"అది ముగ్గు మేడం," అంది.

"మతుండే మాట్లాడుతున్నావా? చర్చిలో ముగ్గేందే!"

"పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది దాకా. మెలికల ముగ్గు. గీత చుక్కని తాకకుండా చుట్టూ తిరగాల. చుక్క కనపడకుండా ద్రాక్షగుత్తి కప్పారు, చూడండి."

తహసీన్ తీగను మళ్లీ చుక్కల మీదికి తెచ్చింది. ఒక్క గీతా చుక్కను తాకలేదు. "అక్కా!" అని గట్టిగా అరిచింది.

"అయితే ఏంది? తాతే వేసుంటాడు."

షెర్లీ పాటల నంబర్లు రాసే బోర్డు దగ్గరి సుద్దముక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "మగోళ్లు ముగ్గులేసే ఇల్లా మీది? ఏదీ, ఒక వరస పెట్టండి."

ఆయన వంగి నాలుగు చుక్కలు పెట్టాడు. ఐదోది పక్క ఊరికి పోయింది. తహసీన్ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

షెర్లీ సుద్ద లాక్కుంది. వేళ్లు ఏదీ మరిచిపోలేదు. చుక్కలు పడ్డాయి, చెయ్యెత్తకుండా గీసిన గీత తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి కలిసింది. నేల మీద అదే తీగ.

"అప్పట్లో ఈ గోడలకి సున్నం ఎవరేసేవారు సార్?" అంది తహసీన్.

"తాత వాక్యం చెప్పేవాడు. సున్నం, అలుకుడు అన్నీ నాయనమ్మే..." అని ఆగిపోయాడు సాల్మన్ రాజు.

"ఆమె పేరు?"

"నాయనమ్మా అనేవాళ్లం." సమాధి మీదా 'కృపాదానం గారి భార్య' అనే ఉంది.

"రిపోర్టులో వేసినవాళ్ల పేరు గడి ఖాళీగా ఉంచమ్మా," అని షెర్లీ లేచి మొగుడి ముందు చెయ్యి చాచింది. "పాత బాప్తిస్మాల పుస్తకం చూడాల. బీరువా తాళంచెవి ఇవ్వండి."

"అది కార్యదర్శి దగ్గరే ఉండాల."

"ఇన్నేళ్లూ మీ దగ్గరే ఉంది గదా. ఒక్కసారన్నా ఆమె పేరేందో చూశారా?"