పసుపు రంగు పడిన పదకొండు ఊళ్లు

కెనడాలోని కాల్గరీలో ఒక గ్యాస్ కంపెనీ ఎనిమిదో అంతస్తులో కూర్చుని సంతోషం అనే ఉద్యోగి మొజాంబిక్ ఉత్తర తీరం మ్యాప్‌కి రంగులు వేసేవాడు. ఇస్లామిస్టు తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న ఊళ్లకు ఎరుపు, చుట్టుపక్కల దేశాల నుంచి వచ్చిన సైన్యం విడిపించిన ఊళ్లకు ఆకుపచ్చ, ఎటూ తేలనివాటికి పసుపు. నరసాపురంలో పుట్టిన ఆయన ఆఫ్రికాలో అడుగుపెట్టిందే లేదు. అయినా ఆ తీరం సంగతేంటని ఆఫీసులో అందరూ ఆయన్నే అడిగేవారు.

ఆయన మాత్రం అమాదెని అడిగేవాడు. అమాదె అక్కడి బడిలో ఇంగ్లీషు పంతులు. ఊరు తిరుగుబాటుదారుల పాలయ్యాక భార్యాపిల్లలతో నిర్వాసితుల శిబిరానికి చేరాడు. వారానికోసారి పొద్దున్నే ఆఫీసుకెళ్లే ట్రైన్‌లోంచి సంతోషం ఆయనకు ఫోన్ చేసేవాడు.

"రోడ్డు సైన్యానిది, అడవి వాళ్లది. మా ఊరేమో అడవిలో ఉంది" అనేవాడు అమాదె.

కాబట్టి ఊరు ఎరుపే.

మార్చిలో ఇన్వెస్టర్ల మీటింగ్ వచ్చింది. డైరెక్టర్ రంగనాథ్ మ్యాప్ చూసి మొహం చిట్లించాడు.

"ఏంటయ్యా సంతోషం, తట్టు పోసినట్టుంది స్లైడు! విడిపించామని సైన్యం ప్రకటించింది కదా?"

"రోడ్డు వరకే సార్."

"ఆకుపచ్చ వెయ్యమన్నానా? పసుపు వెయ్యి. పసుపంటే అబద్ధం కాదయ్యా, ఆశ."

సంతోషం వేశాడు. పదకొండు ఊళ్లు. సైన్యం ఏళ్ల తరబడి చేయలేని పని, ఆయన కప్పులో కాఫీ చల్లారేలోపు అయిపోయింది. మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు. మ్యాప్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లో కూడా పెట్టారు.

రెండు వారాల తర్వాత ఫోన్‌లో అమాదె గొంతు హుషారుగా ఉంది.

"మేం ఇంటికి వెళ్లిపోతున్నాం! శిబిరం అధికారులు కెనడా కంపెనీ వేసిన మ్యాప్ చూపించారు. మా ఊరు ఎరుపు కాదట. మీ దేశంలో మంచి పనివాళ్లున్నారు."

సంతోషం దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

"పంతులుగారూ, ఆ మ్యాప్ నాదే. మీరు చెప్పింది పక్కనపెట్టి రంగు మార్చాను. వెళ్లకండి."

"పిల్లల్ని తీసుకుని నా భార్య నిన్ననే లారీ ఎక్కింది" అన్నాడు అమాదె. ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం సంతోషం తన భార్య బాలకుమారికి అంతా చెప్పి, "ప్రార్థన చేద్దామా?" అన్నాడు.

"చేద్దాం. ముందు తప్పు ఒప్పుకుంటూ మెయిల్ పంపండి, తర్వాత మోకరిద్దాం" అందామె.

పదకొండు ఊళ్లనూ మళ్లీ ఎరుపు చేసి, కారణం రాసి, శిబిరానికీ కంపెనీలో అందరికీ పంపాడు. అమాదె రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు తనే చేశాడు.

"లారీని సైన్యం చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. మావాళ్లు మీ మ్యాప్ చూపిస్తే కెప్టెన్ పకపకా నవ్వాడట. 'ఆ ఊళ్లోకి మేమే వెళ్లలేకపోతున్నాం, కెనడా ఎప్పుడెళ్లింది?' అని లారీని వెనక్కి తిప్పించాడు. పిల్లలు శిబిరానికి వచ్చేశారు."

సంతోషం ప్లాట్‌ఫాం మీద నిలబడే ఏడ్చేశాడు.

"మీ మీద కోపం పోలేదు. వచ్చే వారం చేసి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఎత్తను" అన్నాడు అమాదె.

ఆఫీసులో ఆయన మెయిల్ మీద రెండు గంటలు మీటింగ్ జరిగింది. ఎరుపు వేస్తే ఇన్వెస్టర్లు భయపడతారు, పసుపు వేస్తే సంతోషం ఒప్పుకోడు. చివరికి నారింజ రంగు ఖాయం చేసి, దాని కింద 'మెరుగుపడుతున్న ఎరుపు' అని రాశారు. మ్యాప్ మీద తన పేరు తీసేయమన్నాడు సంతోషం. రంగనాథ్ సంతోషంగా తీసేశాడు, ఆయన్ని అల్బర్టా పైపులైన్ల మ్యాపులకు మార్చేశాడు కూడా.

తర్వాతి వారం సంతోషం తన సొంత ఫోన్ నుంచి చేశాడు. చాలాసేపు మోగింది. ఎత్తింది అమాదె భార్య. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఆయనకు ఆమె భాష రాదు. ఏం చెయ్యాలో తోచక, క్షమించమని తెలుగులోనే చెప్పేశాడు.