రక్తం పట్టే మాత్ర

మా దీవిలోని జంగ్లీఘాట్ రేవు ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టకుండా నూనె రాయడం మా ఇంట్లో కోడలి పని. చేతులు జిడ్డోడుతున్నా నాకు సరదాగానే ఉంటుంది. ఆ కిటికీలోంచి చూస్తే వాసుదేవ్ బోటు దిగి రావడం కనిపిస్తుంది. పెళ్లాం చూస్తోందని తెలిసి, దారిలోనే ఆగి జుట్టు దువ్వుకుంటాడు. నాకు నవ్వాగదు.

భోజనమయ్యాక నేను రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. డిగ్రీ చదివేటప్పుడు పక్క మీంచి లేవలేక, తల దువ్వుకోవాలన్నా ఏడుపొచ్చి, పరీక్షలు పోయినప్పుడు మొదలైంది. డిప్రెషన్ అన్నారు డాక్టరు. పెళ్లికి ముందే వాసుదేవ్‌కు చెప్పాను. అతను వాళ్లమ్మకు చెప్పాడు.

"మందేసుకో, నాను వద్దన్ను. గానీ ఎవులైనా అడిగితే రక్తం పట్టడానికని చెప్పు. పిచ్చిదాన్ని తెచ్చుకున్నారంటారు," అంది మా అత్త ఎరుకమ్మ.

"అమ్మ సంగతి తెలుసు కదా భానూ, ఛోడో, వదిలెయ్," అన్నాడు వాసుదేవ్.

ఒక్క అబద్ధమే కదా అనుకున్నాను. పక్కింటి చిట్టితల్లి అడిగితే అలాగే చెప్పాను. కొత్త పెళ్లికూతురు, రక్తం మాత్ర! ఆదివారానికల్లా వీధిలో ఆడవాళ్లంతా పచ్చిమామిడికాయలు, పసుపుకుంకుమలు పట్టుకుని మా వసారాలో కూర్చున్నారు.

"ఖుష్‌ఖబరీ దాచేస్తావేటి ఎరుకమ్మ దీదీ! ఎన్నో నెలేటి?" అంటూ చిట్టితల్లి నా బుగ్గ గిల్లింది.

అత్తయ్య కాదనలేదు. నా వైపు చూడకుండా మామిడికాయలు అందుకుంది. రేపటి నుంచి అందరూ నా పొట్ట వైపే చూస్తారు. నిజంగా కడుపొచ్చిన రోజున, ఏం మాత్రో చెప్పకుండా ఎవరిని సలహా అడగను? మళ్లీ ఆ పక్క మీదకే చేరితే, అప్పుడేం పేరు పెడతారు?

"కడుపు కాదు పిన్నీ," అన్నాను. "అది రక్తం మాత్రా కాదు. మనసు జబ్బుకు వేసుకునేది. వేసుకుంటున్నాను కాబట్టే మీతో ఇలా నవ్వుతున్నాను."

ఒకావిడ కుంకుమ భరిణె మూత పెట్టేసింది. ఇంకొకరు చీర సర్దుకున్నారు. చిట్టితల్లి మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "అయితే మావిడికాయలు ఎనక్కి ఒట్టుకెళ్లిపోవాలేటి? ఉంచుకో, పచ్చడెట్టుకో," అని లేచింది.

అందరూ వెళ్లాక అత్తయ్య కత్తిపీట ముందేసుకుని ఆ కాయలే టకటకా తరగసాగింది. తిడుతుందనుకున్నాను. పక్కన కూర్చుని ముక్కలకు ఉప్పు పట్టించాను. తలెత్తకుండానే అడిగింది.

"మీ మావయ్య బోటు తిరిగి రాని కాడ్నుంచీ నాకు నిద్దర్లేదు. మీ డాక్టరు ఆడమనిసేనా?"