అరమింటా దొరసాని శాలువా

సోమవారమంటే యార్క్‌షైర్ అంతా బట్టలుతికే రోజు. థార్న్‌బీ బంగళాలో మాత్రం బాన పొయ్యెక్కే ముందు బట్టలుతికే హెస్టర్ బురద బూట్లు గుమ్మంలో విడిచి, పెద్ద హాల్లో నూనెరంగుల పటం ముందు నిలబడేది. అందులో ఎర్ర ఉన్ని శాలువాతో దొరగారి ముత్తవ్వ, అరమింటా దొరసాని. ఆ శాలువా పటంలోనే రోజుకో తీరుగా కదిలేది. మోచేతుల మీదికి జారితే ఎండ. భుజాలెక్కితే వాన. చెవుల దాకా లాక్కుందంటే మంచు తప్పదు.

"ఏం తల్లీ, ఇవాళ ఆరేసుకోనిస్తావా, లేదా?" అనేది హెస్టర్, పక్కింటావిడని అడిగినట్టు.

కొత్తగా వచ్చిన పాదిరిగారొకసారి ఆకాశం నీలంగా ఉంది కదా అని, దొరసాని మాట కాదని, చర్చి తెరలన్నీ ఉతికించారు. మధ్యాహ్నానికి అవి వాగులో తేలాయి.

"పెద్దవాళ్ళ మాట పెడచెవిన పెడితే అంతే మరి," అంది ఇంటి పెత్తనం చూసే థ్రిప్ అమ్మ.

ఒక ఏడాది జనవరిలో శాలువా దొరసాని ముక్కు దాకా వచ్చింది. నెలలు నిండకుండానే హెస్టర్‌కి నొప్పులొచ్చాయి. దారులన్నీ మంచుతో పూడిపోయి డాక్టరు రాలేదు. థ్రిప్ అమ్మే పురుడు పోసింది. పిడికెడు రొట్టెముద్దంత ఆడపిల్ల. అంతకుముందు పుట్టిన ఇద్దరూ చర్చి వెనక మట్టిలో ఉన్నారు.

బుట్టలో దూది పరిచి వంటింటి పొయ్యి పక్కన పెట్టారు. దొరగారు తన కోటు కూడా తెచ్చిచ్చారు. ఎన్ని కప్పినా పిల్ల ఒళ్ళు వేడెక్కలేదు, గుక్కపట్టి ఏడవనూ లేదు.

"ఇది కూడా పోతుందా అమ్మగారూ?" అంది హెస్టర్.

థ్రిప్ అమ్మ విసవిసా హాల్లోకి వెళ్ళింది. "ఇదిగో దొరసానీ! ఇన్నేళ్ళుగా నీ చలి నువ్వే చూసుకున్నావు. అక్కడ పసిగుడ్డు గడ్డకట్టుకుపోతోంది. గోడ మీద బల్లిలా చూస్తూ కూర్చుంటావా?"

కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి బుట్ట మీద ఎర్ర శాలువా ఉంది. పటం రంగుల్లో కలిపే అవిసె నూనె వాసన గుప్పుమంది. పిల్ల కెవ్వుమంది.

"ఏడుస్తోంది అమ్మగారూ, ఏడుస్తోంది!" అని హెస్టర్ పగలబడి నవ్వింది.

శాలువా ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. పటంలో దొరసాని భుజాలు బోసిగా, రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ముక్కు ఎర్రబడింది. క్రిస్మస్ దాకా హాల్లో కట్టె ముట్టించనివ్వని పిసినారి దొరగారు, జూన్‌లో కూడా అక్కడ మంట వేయించారు. "ఆవిడకి చలి," అన్నారంతే.

అప్పట్నుంచి వాన ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. సోమవారాలు బట్టలు తడుస్తూనే ఉండేవి. ఒక్కరూ సణగలేదు.

పిల్లకి అరమింటా అనే పేరు పెట్టి మింటీ అని పిలుచుకున్నారు. మూడో ఏట, ఫెళ్ళున ఎండ కాస్తున్న ఒక సోమవారం, దండెం కింద ఆడుకుంటున్న మింటీ ఉన్నట్టుండి తన ఒంటిమీది ఎర్ర శాలువా భుజాల మీదికి లాక్కుంది.

థ్రిప్ అమ్మ ముందు పిల్లని చూసింది, తర్వాత ఆకాశాన్ని చూసింది. ఎక్కడా మబ్బుతునక లేదు.

"హెస్టర్! పరిగెత్తవే!"

హెస్టర్ పరిగెత్తింది. దండెం నిండా ఉన్న దుప్పట్లని దాటుకుని వెళ్ళి పిల్లని చంకనేసుకుని ఇంట్లోకి ఉరికింది. వెనకే వాన దంచి కురిసింది.

"దుప్పట్లే పిచ్చిదానా, దుప్పట్ల కోసం పిలిచాను!"

"తడవనీండి అమ్మగారూ," అంది హెస్టర్, మింటీ పాదాలు తన ఏప్రన్ అంచుతో తుడుస్తూ. "మళ్ళీ ఉతుక్కుంటాను."